ఎవరిని అడిగి పంపారు?

పక్క దేశంలో యుద్ధం జరుగుతుంటే మన సైన్యం వెళ్లాలా, ఊరుకోవాలా? జనం వెళ్లమంటే వెళ్లిపోవచ్చా, వద్దంటే ఆగిపోవాలా? మా ఇంట్లో ఈ విషయం మీద ఇద్దరికి ఎప్పుడూ కుదరదు. ఒకరు మా అమ్మ. కాగజ్‌నగర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి రిటైరైంది. 1971 యుద్ధం నాటికి ఆమెకు పదిహేడేళ్లు. ఇంకొకరు మా బాబాయి. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేరి హవల్దారుగా రిటైరయ్యాడు. 1987లో సికింద్రాబాద్ నుంచి 54వ డివిజన్‌తో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినవాళ్లలో ఒకడు. యుద్ధం చూసినవాడు వద్దంటాడు, పుస్తకాల్లో చదివినావిడ వెళ్లాలంటుంది, అంతేగా అని కొట్టిపారేయవచ్చు. వింటే మాత్రం అంత తేలిగ్గా తేలదు. మొన్న పండక్కి మంచిర్యాలలో అందరం కలిసినప్పుడు ఉక్రెయిన్ వార్తలతో మొదలైన మాట మళ్లీ అక్కడికే చేరింది.

బాబాయి: వదినా, ఎప్పుడు చూసినా మీరు 1971 తీస్తారు. అది గెలిచిన యుద్ధం. గెలిచాక అందరూ మేం ముందే చెప్పామంటారు.

అమ్మ: ఆ అభిప్రాయం గెలిచాక పుట్టింది కాదు తమ్మీ. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం యూనివర్సిటీ హాస్టళ్ల మీద పడింది. ఆరు రోజులు తిరక్కుండానే, మార్చి 31న, మన పార్లమెంటు తూర్పు బెంగాల్ జనానికి మద్దతుగా తీర్మానం చేసింది. బంగ్లాదేశ్‌కి అండగా నిలబడమని జయప్రకాశ్ నారాయణ్ దేశదేశాలు తిరిగాడు. డిసెంబరు దాకా జనం అడుగుతూనే ఉన్నారు.

బాబాయి: అడిగింది ఏప్రిల్లోనే వెళ్లమని. వెళ్లి ఉంటే ఏమయ్యేది? వానాకాలంలో ఆ నదుల మధ్య బండ్లు దిగబడి ఉండేవి. సైన్యాధిపతి మానెక్‌షా ఆగమన్నాడు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, చలికాలం వచ్చి చైనా వైపు కనుమలు మంచుతో మూసుకున్నాయి, అప్పుడుగానీ సిద్ధం కాలేదు. జనం మాట విని ఉంటే మీరు చెప్పే గెలుపే లేదు.

అమ్మ: ఎప్పుడు వెళ్లాలో, ఎట్లా వెళ్లాలో సైన్యం చెప్పాలి. ఎందుకు వెళ్లాలో మాత్రం జనమే చెప్పాలి. ఆ ఎందుకు అన్నది జనానికి తెలుసు, ఎందుకంటే దాని ఖర్చు మా చేతుల మీదుగా పోయింది. నవంబరు 15 నుంచి ప్రతి ఉత్తరం మీద మామూలు స్టాంపుకు తోడు ఇంకో ఐదు పైసల బిళ్ల అంటించాలి. కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే శరణార్థుల సహాయం అని నల్లటి అక్షరాలు కొట్టి ఇచ్చారు మొదట్లో. మా నాన్న ఉత్తరం రాసి నా చేతికిస్తే పోస్టాఫీసు బల్ల మీది జిగురు రాసి రెండూ పక్కపక్కన అంటించేదాన్ని. కోటిమంది మన దేశంలోకి వచ్చి పడ్డారని పేపర్లో చదవడం వేరు, ఉత్తరం ఉత్తరానికీ ఐదు పైసలు కట్టడం వేరు. అట్లా కట్టిన జనానికి ఆ యుద్ధం మీద ఒక అభిప్రాయం ఉంటుంది. అది ఊరికే వచ్చింది కాదు.

బాబాయి: సరే, కానీ సర్కారు వెళ్లింది జాలి ఒక్కదాని కోసమేనా? శత్రువు రెండు ముక్కలవుతున్నాడు. కోటిమందిని ఎన్నాళ్లు మేపాలి? పైగా డిసెంబరు 3న పాకిస్తానే మన విమానాశ్రయాల మీద బాంబులు వేసింది. జాలి, లెక్క, కోపం, మూడూ కలిశాయి. నాకు తెలిసి జాలి ఒక్కదాని కోసం ఏ దేశమూ సైన్యాన్ని పంపలేదు.

అమ్మ: పంపకపోతే ఏమవుతుందో కూడా చూశాం కదా. రువాండా. 1994 ఏప్రిల్లో అక్కడ నరమేధం మొదలైనప్పుడు ఐక్యరాజ్యసమితి సైనికులు రెండున్నర వేలమంది ఉన్నారు. పెంచాల్సింది పోయి 270 మందికి తగ్గించమని తీర్మానించారు. అంతకుముందు అక్టోబరులోనే సోమాలియాలో 18 మంది అమెరికా సైనికులు చనిపోయారు. వాళ్ల శవాలను వీధుల్లో ఈడ్చుకుపోవడం టీవీలో చూసిన అమెరికా జనం ఇంక ఆఫ్రికా జోలి వద్దన్నారు. ప్రభుత్వం ఆ మాట చాటున దాక్కుంది. నరమేధం అన్న మాట కూడా నోట రానివ్వకుండా వారాలు గడిపారు, ఒప్పుకుంటే వెళ్లాల్సి వస్తుందని. వంద రోజుల్లో దాదాపు 8 లక్షలమంది పోయారు. ప్రజాభిప్రాయం అంటే నీకు ఆగమని చెప్పే గొంతు ఒక్కటే వినిపిస్తుంది తమ్మీ. ఆగినందువల్ల పోయినవాళ్లు అభిప్రాయం చెప్పడానికి మిగలరు.

బాబాయి కాసేపు మాట్లాడలేదు. రువాండా మీద ఆయన దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించే మనిషీ కాదు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, తను చూసిన చోటికి వచ్చాడు. ఆ మాటలు ఇంట్లో మేమెవరం అంత వివరంగా ఎప్పుడూ వినలేదు.

బాబాయి: నేను చూసింది చెప్తా. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే తమిళుల సమస్య మీద ఒప్పందానికి సంతకాలు పెట్టారు. ఆ వెంటనే మమ్మల్ని విమానాల్లో పలాలి ఎయిర్‌ఫీల్డులో దింపారు. పార్లమెంటులో చర్చ లేదు, ఓటు లేదు. లోక్‌సభలో 400 పైచిలుకు సీట్లున్న ప్రభుత్వం, అడిగేవాడెవడు? మరుసటి రోజు కొలంబోలో గౌరవ వందనం తీసుకుంటుంటే వరసలో ఉన్న ఒక సింహళ నావికుడు తుపాకి మడమతో రాజీవ్‌ని కొట్టాడు. ఆ దేశంలో సగం అభిప్రాయం ఏమిటో ఆ దెబ్బలోనే కనబడింది. మేం మాత్రం జాఫ్నాలో పూలదండలు వేయించుకుంటున్నాం. ఆడవాళ్లు హారతులిచ్చారు. పిల్లలు జీపుల వెంట ఉరికారు. మేం వచ్చింది వాళ్లను కాపాడటానికని వాళ్లూ నమ్మారు, మేమూ నమ్మాం.

అమ్మ: అది అబద్ధం కాదు కదా. 1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబెట్టి మనుషుల్ని చంపినప్పుడు ఇందిరా గాంధీ హుటాహుటిన పంపింది మన పి.వి. నరసింహారావునే, అప్పుడు విదేశాంగ మంత్రి. నాలుగేళ్లు మాటలతోనే నడిపారు. 87 జూన్‌లో జాఫ్నా ముట్టడిలో ఉంటే విమానాల నుంచి తిండి గింజలు జారవిడిచారు. ఇంకేం చేయాలి?

బాబాయి: ఆ నాలుగేళ్లలో ఇంకోటి కూడా చేశారు వదినా, మీరది వదిలేశారు. లంక తమిళ కుర్రాళ్లను మన గడ్డ మీదికి తెచ్చి తుపాకులిచ్చి శిక్షణ ఇచ్చారు. దాని మీద ఏ పార్లమెంటులో తీర్మానం అయింది? ఏ ఉత్తరం మీద ఐదు పైసలు కట్టారు? ఇక్కడ నేర్చుకున్న గురితోనే వాళ్లు మమ్మల్ని కాల్చారు. సైన్యం వెళ్తేనే జోక్యం కాదు. సైన్యం వెళ్లడానికి నాలుగేళ్ల ముందే మనం ఆ యుద్ధంలో ఉన్నాం, జనానికి తెలియదంతే.

అమ్మ: అది తప్పే. నేను కాదనను.

బాబాయి: సెప్టెంబరులో దిలీపన్ అనే తమిళ పులుల కుర్రాడు మన ప్రభుత్వాన్ని నిలదీస్తూ నల్లూరు గుడి దగ్గర నిరాహార దీక్షకి కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. 26న చనిపోయాడు. దండలు వేసిన ఊరు మొహం తిప్పుకుంది. అక్టోబరు 10న మొదలైంది పులులతో మా యుద్ధం, మేం ఎవరిని కాపాడటానికి వెళ్లామో వాళ్ల ఊళ్లోనే. 11 రాత్రి యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి కమాండోలతో పాటు సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లను 30 మందిని దింపారు. వెనకాల రావాల్సినవాళ్లు రాలేకపోయారు. తెల్లారి మధ్యాహ్నానికి 29 మంది పోయారు, ఒకడు పట్టుబడ్డాడు. మేం వస్తున్నట్టు పులులకి ముందే తెలుసు, మా వైర్‌లెస్ మాటలు వాళ్లు వింటున్నారు. నా పని వైర్‌లెస్సే. ఆ సంగతి తెలిశాక సెట్టు ముందు కూర్చుని మాట్లాడాలంటే గొంతు పెగిలేది కాదు.

అమ్మ: ఇది నువ్వెప్పుడూ చెప్పలేదు.

బాబాయి: అడిగిందెవరు? దీపావళి రోజు, అక్టోబరు 21న, జాఫ్నా ఆసుపత్రిలోకి మనవాళ్లు కాల్పులు జరుపుతూ వెళ్లారు. రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా పోయారు. లోపలి నుంచి పులులు కాల్చారని మన వాళ్లన్నారు. కాల్చారో లేదో, మంచాల మీది మనుషులు కాల్చలేదు. నేనక్కడ లేను. కానీ ఆ తర్వాత ఆ ఊళ్లో మాకు మంచినీళ్లిచ్చే ఇల్లు లేదు. ప్రతి ఇంటికీ తాటాకు దడి ఉంటుంది అక్కడ. దడికి సైకిల్ ఆనించి ఉన్నా దగ్గరికి పోయేవాళ్లం కాదు, మందుపాతర ఉంటుందేమోనని. సైకిల్ కొనుక్కున్నవాడు అక్కడ పెట్టుకున్నాడంతే, కానీ మా కళ్లకు అట్లా కనబడేది కాదు.

లీవు మీద వచ్చినప్పటి సంగతి చెప్తా. ఆదివారం పొద్దున మన వీధిలో టీవీ ఉన్న ఇంట్లో అందరూ రామాయణం చూస్తున్నారు. నన్ను చూసి, లంక నుంచి వచ్చావు కదా, అశోకవనం చూశావా అని అడిగారు. ప్రేమతోనే అడిగారు. వాళ్ల తప్పేముంది? అప్పటికి మా వాళ్లు వందలమంది పోయారు. మన దేశం ఒక యుద్ధంలో ఉందని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. జనం మద్దతు ఉందనుకోవాలా, లేదనుకోవాలా వదినా? అభిప్రాయమే లేని జనం పేరు మీద మేం చచ్చాం.

ఇక్కడ నా మాట చెప్పాలి. చిన్నప్పటి నుంచి నేను అమ్మ పక్షం. కష్టంలో ఉన్నవాళ్లు గుమ్మం ముందుకు వచ్చాక ఎవరు పంపారు, ఎందుకొచ్చారు అని అడగకూడదన్నది ఆమె దగ్గర నేర్చుకున్నదే. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకు ప్రభుత్వం భూములిచ్చి నిలిపిన ఊళ్లు కాగజ్‌నగర్ దగ్గర ఉన్నాయి. ఆ పిల్లలు అమ్మ క్లాసులో చదివారు. కొందరు మా ఇంట్లో తిన్నారు. కానీ బాబాయి చెప్పిన ఆ ఆదివారం ఇల్లు తలుచుకుంటే నాకు ఇంకోటి అర్థమవుతోంది. ప్రభుత్వం చేసే అతి పెద్ద మోసం జనాన్ని యుద్ధానికి రెచ్చగొట్టడం కాదు. జనానికి తెలియనివ్వకుండా యుద్ధం నడపడం. రెచ్చిన జనం రేపు నిలదీయవచ్చు. తెలియని జనం దేన్ని నిలదీస్తారు?

అమ్మ: తెలిసిన జనం మాత్రం ఏం చేశారు అమెరికాలో? 1964 ఆగస్టులో వియత్నాం మీద తీర్మానం దిగువ సభలో 416కి సున్నా, సెనేట్‌లో 88కి 2. ఓటు పెట్టారు కదా! ఇరాక్ మీదికి వెళ్లిన 2003లో అమెరికాలో పదిమందిలో ఏడుగురు సరే అన్నారు. తీరా చూస్తే యుద్ధానికి సాకుగా చెప్పిన సామూహిక విధ్వంస ఆయుధాలే అక్కడ లేవు. నువ్వడిగే ఓటు అబద్ధం మీద కూడా పడుతుంది తమ్మీ.

బాబాయి: పడుతుంది. కానీ ఎవరు చేయెత్తారో రాసి ఉంటుంది. ఆ 88 మందీ తర్వాత జీవితమంతా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ అనుభవంతోనే 1973లో వాళ్లు చట్టం చేశారు, సభ ఒప్పుకోకుండా అధ్యక్షుడు 60 రోజులకి మించి సైన్యాన్ని యుద్ధంలో ఉంచకూడదని. అధ్యక్షులు దాన్ని ఎన్ని రకాలుగా తప్పించుకున్నా చట్టమంటూ ఉంది. బ్రిటన్‌లో 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి ప్రధాని అనుమతి అడిగితే 272కి 285 ఓట్లతో సభ కాదంది, ఆయన ఆగిపోయాడు. మన దగ్గర అట్లాంటి చట్టమే లేదు. మంత్రివర్గం అనుకుంటే చాలు, రాత్రికి రాత్రి ఒక డివిజన్ సముద్రం దాటుతుంది.

అమ్మ: ఆ రాత్రికి రాత్రి వెళ్లడం అవసరమైన రోజులూ ఉంటాయి. 1988 నవంబరు 3న మాల్దీవుల్లో కిరాయి మూక రాజధానిని పట్టుకుంది. అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు. అదే రాత్రి ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు హుల్‌హులేలో దిగారు. తెల్లారేసరికి గొడవ సద్దుమణిగింది. పార్లమెంటుని పిలిచి, కోరం చూసి, వాయిదాలు వేసుకుని ఓటు పెట్టి ఉంటే గయూమ్ మిగిలేవాడా?

బాబాయి: ఒక్క రాత్రికి అడగమనలేదు నేను. వెళ్లనివ్వండి. నెల దాటి ఉండాలంటే మాత్రం అడగాలి. మేం లంకలో 32 నెలలున్నాం వదినా. 80 వేలమంది దాకా. 32 నెలల్లో ఒక్క రోజు దొరకలేదా ఓటు పెట్టడానికి?

అమ్మ దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పినప్పుడు ఇంకో దారిలో వచ్చింది. నాకు అన్నిటికంటే బలంగా తగిలింది ఆ మాటే.

అమ్మ: నువ్వు మన జనాన్ని అడగమంటున్నావు. నేను వాళ్ల జనాన్ని అడగమంటాను. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో 162 సీట్లుంటే 160 వాళ్ల నాయకుడు ముజీబ్ పార్టీకి పడ్డాయి. ఓటుతో గెలిచినవాళ్లను తుపాకితో తొక్కారు. మనం వెళ్లింది ఆ ఓటు వెనకాల. వాళ్ల విమోచన సేన ముక్తివాహిని మనకు ముందు నడిచింది. పని అయ్యాక ముజీబ్ వెళ్లమన్నాడు, 1972 మార్చిలో మన సైన్యం ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వచ్చేసింది. మూడు నెలలు! ఐక్యరాజ్యసమితిలో 104 దేశాలు మనకు వ్యతిరేకంగా చేతులెత్తాయి, 11 మాత్రమే మన వైపు నిలబడ్డాయి. ఆ 104 దేశాల అభిప్రాయం తప్పు, ఆ 160 సీట్ల అభిప్రాయం ఒప్పు. జాఫ్నాలో ఏమైంది? ఢిల్లీ, కొలంబో సంతకం పెట్టాయి. ఎవరి బతుకు గురించి పెట్టారో వాళ్ల సంతకం ఆ కాగితం మీద లేదు.

బాబాయి: దండలు వేశారు కదా అంటారనుకున్నా.

అమ్మ: దండ ఓటు కాదు.

బాబాయి: అది సరే. కానీ ఓటు వేసిన జనం ఎక్కడ దొరుకుతారు ప్రతిసారీ? కంబోడియాలో పోల్‌పాట్ కింద ఓటెవరు వేస్తారు? 1979 జనవరిలో వియత్నాం వెళ్లి వాణ్ని తరిమింది. మంచి పనే. తర్వాత పదేళ్లు అక్కడే కూర్చుంది. మనం మంచివాళ్లమని మనకు మనం అనుకుని వెళ్లిన చోట ఎప్పుడు బయటికి రావాలో మనకు తెలియదు. అందుకే వెళ్లకుండా ఉండటమే మేలంటా. 2003లో అమెరికా మనల్ని ఇరాక్‌కి ఒక డివిజన్ పంపమంది, 17 వేలమందిని. ఏప్రిల్లో పార్లమెంటు ఆ దాడిని నిందించి ఉంది. జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం పంపేది లేదని చెప్పేసింది. కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లలో గల్ఫ్‌లో కొడుకు లేని వీధి ఉందా? మన సైనికులు బాగ్దాద్ వీధుల్లో తుపాకులు పట్టుకుని తిరిగి ఉంటే ఆ కొడుకులు అరబ్బుల మధ్య ఎట్లా బతికేవాళ్లు? అప్పుడు జనం వద్దన్నారు, ప్రభుత్వం విన్నది. ప్రజాభిప్రాయం పనిచేసిందంటే అట్లా ఉంటుంది.

అమ్మ: ఆ రోజు నేనూ సంతోషించాను. ఇరాక్ దోపిడీ యుద్ధం. కానీ దాని నుంచి ప్రతి యుద్ధానికీ దూరంగా ఉండాలన్న సూత్రం లాగకు. 2017లో బర్మా సైన్యం రోహింగ్యాల ఊళ్లు తగలబెట్టింది. 7 లక్షలమంది బంగ్లాదేశ్‌కి పారిపోయారు. 71లో ఐదు పైసలు కట్టిన మన జనమే, అప్పటికే ఇక్కడ తలదాచుకుంటున్న కొన్ని వేలమందిని కూడా వెనక్కి పంపమన్నారు. అది కూడా ప్రజాభిప్రాయమే. దాన్ని వినమంటావా?

బాబాయి: బర్మాకి సైన్యాన్ని పంపమంటారా మీరు?

అమ్మ: అనను. చైనా సరిహద్దు ఉంది, ఈశాన్యం ఉంది, నువ్వు చెప్పిన బయటికి దారి అక్కడ అసలే లేదు. కానీ సైన్యాన్ని పంపకపోతే కనీసం గుమ్మం తెరవాలి. రెండూ చేయను, నాకు సంబంధం లేదు అనే జనం మాటకు నేను తల వంచను. క్లాసులో నా ముందు కూర్చున్న పిల్లలు సొంత ఊరు అన్న చోట తండ్రిని అడిగి ఖుల్నా, జెస్సోర్ అని రాసుకొచ్చేవాళ్లు, తాము చూడని ఊళ్లు. వాళ్లు వచ్చిన రోజున కూడా ఎవరో వద్దనే ఉంటారు.

బాబాయి: గుమ్మం తెరవడానికి నాకూ అభ్యంతరం లేదు. అది నా పేరు మీద చేస్తే నేను సంతకం పెడతా. చంపడం, చావడం నా పేరు మీద చేస్తే మాత్రం ముందు నన్ను అడగాలి. 1990 మార్చి 24న చివరి దళం లంక నుంచి బయలుదేరింది. మద్రాసు రేవులో ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. తమిళుల్ని చంపి వచ్చినవాళ్లకి స్వాగతం చెప్పనన్నాడు. నాకు ఆయన మీద కోపం లేదు, ఆయన ప్రజలు అదే అనుకున్నారు, ఆయన అదే చేశాడు. నా కోపం ఢిల్లీ మీద. దాదాపు 1,200 మంది పోయారు. మా దండులో ఒక గుంటూరు జిల్లా కుర్రాడి అస్థికలు నేనే కుండలో పెట్టి మూత కట్టాను. వాళ్లమ్మ, మా వాణ్ని ఎవరిని అడిగి పంపారయ్యా అంది. ఏం చెప్పాలి? చట్టం తేవాలి వదినా. మన సైనికుడు దేశం దాటిన 30 రోజుల్లోపు లోక్‌సభలో ఓటు పడాలి, పేరు పేరునా. ఆ జాబితా ఆ తల్లి చేతికివ్వాలి, వీళ్లు పంపారమ్మా అని.

అమ్మ: ఆ చట్టం తెస్తే నేనూ సంతకం పెడతాను. ఒక షరతు. వద్దని ఓటేసినవాళ్ల పేర్లు కూడా పక్కనే అచ్చు వేయాలి. వెళ్లనందువల్ల అవతల ఎంతమంది పోయారో ఏటేటా ఆ పేర్ల కింద రాయాలి.

బాబాయి: ఆ లెక్క ఎవరు తెస్తారు?

అమ్మ: నీ 1,200 లెక్క తెచ్చినవాళ్లే.